డబ్బా శనగలు, డబ్బా రాజ్మా: ఏది కొనాలి, తెరిచాక ఏం చేయాలి

అమెరికాలో ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్లినా ఒక అర మొత్తం ఈ డబ్బాలతోనే నిండి ఉంటుంది. శనగలు, రాజ్మా, నల్ల బీన్స్, అలసందలు, అన్నీ ఉడికి సిద్ధంగా ఉంటాయి. రాత్రి నానబెట్టడం మరిచిపోయిన ఇంట్లో సాయంత్రం ఆరింటికి ఇవే దిక్కు. అయినా మనవాళ్లలో వీటికి మంచి పేరు లేదు. ఉప్పు కషాయమంటారు. డబ్బా వాసనంటారు. కూరలో వేస్తే గింజ దారి గింజది, గ్రేవీ దారి గ్రేవీది అంటారు. మూడు మాటలూ నిజమే. అయితే మూడింటికీ విరుగుడు ఉంది. సగం విరుగుడు లేబుల్ చదివి కొనడంలో, మిగతా సగం మూత తీశాక చేసే పది నిమిషాల పనిలో ఉంది. మన వంటలకు పనికొచ్చే ఐదు రకాలను, వాటిని పొయ్యి మీదికి తెచ్చే పద్ధతిని ఇక్కడ చూద్దాం.

ముందు డబ్బాలో ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాది తేలిక. నానబెట్టి, వేడినీళ్లలో కాస్త మగ్గించిన గింజను డబ్బాలో పోసి, మీద ఉప్పునీళ్లు నింపి, మూత బిగించేస్తారు. అలా మూసిన డబ్బానే పెద్ద ప్రెషర్ పాత్రలో 121 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉడికిస్తారు. అంత వేడి ఎందుకంటే, ఈ గింజల్లో పులుపు లేదు, పీహెచ్ 4.6 కంటే ఎక్కువ. పులుపు లేని ఆహారం గాలి లేని చోట నిలవ ఉంటే బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బాక్టీరియా బీజాలు మొలకెత్తి విషం తయారు చేస్తాయి. మామూలు మరుగునీళ్ల వేడికి ఆ బీజాలు చావవు. (ఉడికించిన శనగలను ఇంట్లో సీసాలకెత్తి అరలో దాచుకోవాలంటే ప్రెషర్ క్యానర్ తప్పనిసరి అనేది ఇందుకే.)

కాబట్టి డబ్బాలోని గింజ లోపలి దాకా పూర్తిగా ఉడికిందే. చాలాసార్లు మనం దాన్ని ఇంకా మెత్తబెట్టనక్కర్లేదు, దానికి రుచి ఎక్కిస్తే చాలు. కూరలో కలవడం లేదనే ఫిర్యాదుకు మూలం కూడా ఇదే. ఇంట్లో ఉడికించే శనగ నీళ్లు పీల్చుకునేటప్పుడే ఉప్పును, ఒక్కోసారి బిర్యానీ ఆకు వాసనను కూడా పీల్చుకుంటుంది. డబ్బా శనగ అప్పటికే కడుపునిండా ఉప్పునీళ్లు తాగేసి కూర్చుంది. కొత్త రుచి దానిలోకి దిగాలంటే సమయం ఇవ్వాలి. చివరి రెండు నిమిషాల్లో వేసి కలిపేస్తే దిగదు.

లేబుల్ మీద చూడాల్సినవి

పదార్థాల జాబితాలో గింజ, నీళ్లు, ఉప్పు ఎలాగూ ఉంటాయి. వాటి పక్కన కాల్షియం క్లోరైడ్ ఉందో లేదో చూడండి. ఇది గింజను గట్టిగా ఉంచుతుంది. గింజ కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను కాల్షియం మరింత బిగిస్తుంది, అందుకే అలాంటి గింజ ఎంతసేపు ఉడికినా ఆకారం చెడదు. సలాడ్‌కూ గుగ్గిళ్లకూ అది మంచిదే. చిదిమి గ్రేవీ చిక్కబెట్టాలన్నా, శనగలతో చేసే అరబ్బుల పచ్చడి హమ్మస్ రుబ్బాలన్నా మాత్రం అది ఎదురు తిరుగుతుంది. మిక్సీలో ఎంతసేపు తిప్పినా నాలుకకు ఇసుకలా తగిలే హమ్మస్ వెనక చాలాసార్లు ఈ కాల్షియమే ఉంటుంది.

డైసోడియం ఈడీటీఏ అని కనిపిస్తే కంగారు పడకండి. నీళ్లలోని లోహపు అణువులను పట్టి ఉంచి, గింజ రంగు మారకుండా చూడటానికి వేస్తారు. రుచిలో తేడా రాదు. ఎర్ర రాజ్మాలో కొన్ని కంపెనీలు చక్కెర కూడా వేస్తాయి. దాన్ని గమనించి తీరాలి. రాజ్మా కూరలో ఎంత కారం వేసినా అడుగున ఒక తీపి ఉండిపోయిందంటే అది ఉల్లిపాయ తీపి కాకపోవచ్చు.

ఇక ఉప్పు. అమెరికా లేబుళ్ల మీద మూడు మాటలు కనిపిస్తాయి, మూడూ వేర్వేరు. ‘నో సాల్ట్ యాడెడ్’ అంటే ఉప్పు కలపలేదు. ‘లో సోడియం’ అంటే ఒక వడ్డనకు 140 మిల్లీగ్రాముల సోడియం మించదు. ‘రెడ్యూస్డ్ సోడియం’ అంటే మామూలు రకం కంటే కనీసం 25 శాతం తక్కువ, అంతే. మామూలు డబ్బాలో వడ్డనకు 440 ఉంటే, రెడ్యూస్డ్ అన్నదాంట్లో 330 ఉండొచ్చు. అది తక్కువేమీ కాదు. బీపీ ఉన్నవాళ్లకు వండుతుంటే మూడో మాట చూసి సంతృప్తి పడకండి, మొదటి రెండింట్లో ఒకటి వెతకండి.

వడ్డన అంటే అర కప్పు. ఒక డబ్బాలో మూడున్నర వడ్డనలు. అంటే 440 మిల్లీగ్రాముల రకంలో డబ్బా మొత్తం మీద సుమారు 1540 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఉప్పు లెక్కలో చెబితే నాలుగు గ్రాములకు దగ్గర, టీస్పూనులో మూడింట రెండు వంతులు. నీళ్లు వంపేస్తేనే ఇందులో మూడో వంతుకు పైగా పోతుంది. వంపి, కడిగితే నలభై శాతం దాకా పోతుంది. మిగిలేది మూడో వంతు టీస్పూనుకు కాస్త పైన ఉప్పు. వంటగదిలో పనికొచ్చే అంకె ఇదే: మామూలు డబ్బాను కడిగి వేసినప్పుడు, ఆ కూరలో అప్పటికే మూడో వంతు టీస్పూనుకు కాస్త పైన ఉప్పు పడినట్టు లెక్క. చాలా కూరలు ఉప్పు కషాయం అయ్యేది ఇంటి అలవాటు ప్రకారం ఒక టీస్పూను వేసేసి, దాని మీద ఈ డబ్బాను దించడం వల్లే.

ఏ కంపెనీది

గోయా 1936లో న్యూయార్క్‌లో మొదలైన కంపెనీ. స్పానిష్ మాట్లాడే ఇళ్ల కోసం పుట్టింది కాబట్టి గింజల రకాల్లో దీనికి సాటి వచ్చేవి తక్కువ. శనగలు, రాజ్మా, నల్ల బీన్స్‌తో పాటు మన పచ్చి కందులు కూడా ‘గాండూలెస్’ అనే పేరుతో దొరుకుతాయి. డబ్బా 15.5 ఔన్సులు. మామూలు రకమే కాక లో సోడియం రకం కూడా ఉంది. రెండూ పక్కపక్కనే పెడతారు, చేతికి అందింది కాక లేబుల్ చదివి తీసుకోండి. రోజువారీ వాడకానికి లో సోడియం శనగలనే మొదట చెబుతాం.

బుష్స్ 1908 నుంచి టెన్నెసీలో ఉన్న కంపెనీ. శనగలు, రాజ్మా 16 ఔన్సుల డబ్బాల్లో వస్తాయి, రెడ్యూస్డ్ సోడియం రకం కూడా ఉంది. ఈ కంపెనీకి పేరు తెచ్చింది మాత్రం బేక్డ్ బీన్స్. అవి తీపి సాసులో ఊరిన తెల్ల గింజలు, కొన్ని రకాల్లో పంది మాంసం కూడా ఉంటుంది. డబ్బాలు ఒకే అరలో ఉంటాయి కాబట్టి శాకాహారులు పేరు సరిగ్గా చూసుకుని తీసుకోవాలి. కడిగి కూరలో వేసుకుందామంటే బేక్డ్ బీన్స్ దేనికీ పనికిరావు.

ఈడెన్ ఆర్గానిక్ ఖరీదులో అన్నిటికంటే పైన ఉంటుంది. ఉప్పు వేయరు. దాని బదులు కొంబు అనే సముద్రపు నాచు ముక్క వేసి ఉడికిస్తారు. డబ్బా లోపలి పూతలో బీపీఏ అనే రసాయనం వాడకుండా 1999 నుంచే తయారు చేస్తున్నారు. కాల్షియం క్లోరైడ్ లేదు కాబట్టి శనగ వేళ్ల మధ్య వెన్నలా నలుగుతుంది. నాచు వాసన మసాలా ముందు తెలియదు. హమ్మస్‌కు, పసిపిల్లలకు మెదిపి పెట్టడానికి, ఉప్పు పూర్తిగా మానేసినవాళ్లకు ఆ ధర పెట్టొచ్చు. అల్లం, వెల్లుల్లి, గరం మసాలా దట్టించే ఛోలేకు ఇంత ఖర్చు అక్కర్లేదు. హోల్ ఫుడ్స్ వాళ్ల 365 పేరుతో వచ్చే నో సాల్ట్ యాడెడ్ డబ్బాలు మధ్యస్థంగా ఉంటాయి, ఉప్పు లేనివి కావాలంటే ధరకు తగ్గ సరుకు.

దుకాణాలు తమ సొంత పేరుతో అమ్మే డబ్బాలు డాలరుకు అటూఇటూగా దొరుకుతాయి. వాటిలోనూ తప్పేం లేదు. కడగడం మాత్రం మానకూడదు.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు కొలత వేరు. అక్కడ డబ్బా 400 గ్రాములు, నీళ్లు తీస్తే 240 గ్రాముల దాకా మిగులుతుంది, ఆ అంకె డబ్బా మీదే రాసి ఉంటుంది. ఇది చాలా మంచి అలవాటు. అమెరికా డబ్బా మీద నీళ్లతో కలిపిన బరువే కనిపిస్తుంది. 15 ఔన్సులంటే 425 గ్రాములు. వడగట్టాక చేతికొచ్చేది 250 గ్రాములకు అటూఇటు, అంటే కప్పున్నర. పొడి గింజల్లో అది అర నుంచి ముప్పావు కప్పుకు సమానం. మన వంటల్లో ‘ఒక కప్పు శనగలు నానబెట్టి’ అని ఉంటే ఒక డబ్బా చాలదు, రెండు కావాలి. కూర పల్చనైపోయిందని డబ్బాను తిట్టేవాళ్లలో సగంమంది ఈ లెక్క తప్పినవాళ్లే.

మూత తీసే ముందు, తీశాక

డబ్బాను అరలో తలకిందులుగా నిలబెట్టుకోండి. గింజలు, పిండి అడుక్కి దిగి గడ్డకడతాయి. వాడే రోజు తిరగేసి తెరిస్తే గడ్డ పైనుంటుంది, నీళ్లు కిందుంటాయి, చెంచాతో గీకే పని లేకుండా అంతా జారి పడుతుంది. ఈ పని మరిచిపోతే తెరిచే ముందు నాలుగైదుసార్లు బాగా ఊపండి. మూతను తడిగుడ్డతో తుడవడం తప్పదు. గోదాములోనూ లారీలోనూ పేరుకున్న దుమ్ము మూత అంచునే ఉంటుంది, ఓపెనర్ చక్రం తిరిగితే తిన్నగా లోపలికే వెళ్తుంది.

సింకులో చిల్లుల గిన్నె పెట్టి డబ్బాను వంపండి. మొదట వచ్చేది నీళ్లలా ఉండదు. కోడిగుడ్డు తెల్లసొనలా జిగటగా సాగుతూ దిగుతుంది. గింజల్లోంచి దిగిన పిండి, ప్రొటీన్, ఉప్పు, కడుపులో గ్యాస్ పుట్టించే కొన్ని చక్కెరలు అన్నీ అందులోనే ఉంటాయి. తొందరపడి వెంటనే కొళాయి తిప్పకండి. రెండు నిమిషాలు అలా వదిలేయండి, ఆ జిగట తన బరువుకు తానే దిగిపోతుంది. తర్వాత చల్లటి నీళ్లు సన్నటి ధారగా పోస్తూ చేత్తో గింజలను అడుగు నుంచి పైకి తిప్పండి. మొదట తెల్లటి నురగ వస్తుంది. బుడగలు చిన్నవై, నురగ ఆగి, కింద దిగే నీళ్లు తేటపడితే చాలు. పదిహేను, ఇరవై సెకన్ల పని. అంతకంటే ఎక్కువ కడిగితే ఉప్పు పెద్దగా తగ్గదు, తొక్కలు ఊడి గింజ చితుకుతుంది. మళ్లీ రెండు నిమిషాలు వడియనివ్వండి. డబ్బా వాసన అనేది ఎక్కువగా ఆ జిగట నీళ్లదే, కడిగితే తగ్గిపోతుంది. ఇంకా ఉందనిపిస్తే కడిగిన గింజలను చిటికెడు పసుపు వేసిన వేడినీళ్లలో రెండు నిమిషాలు పొంగనిచ్చి వంపేయండి.

ఇప్పుడు ఒక్క గింజ తీసి బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కండి. మెత్తగా అణిగి ముద్దయితే అది కూరకూ హమ్మస్‌కూ తయారుగా ఉంది. రెండు బద్దలుగా విడిపోయి మధ్యలో పలుకు తగిలితే అది గట్టి రకం, ఇంకో పది, పదిహేను నిమిషాలు మామూలు నీళ్లలో మూతపెట్టి ఉడికించాకే మసాలాలోకి వెళ్లాలి. టమాటా గ్రేవీలో ఉడికిద్దామనుకోవద్దు. పులుపు గింజను మెత్తబడనివ్వదు, అరగంట ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది. చింతపండు పులుసుకూ ఇదే సూత్రం. అదే గింజ ముందే బాగా మెత్తగా ఉంటే పులుపు మేలు చేస్తుంది, చితికిపోకుండా కాస్త పట్టి ఉంచుతుంది.

ప్రెషర్ కుక్కర్ మాత్రం వద్దు. డబ్బా గింజకు మూడు విజిళ్లు పెడితే తొక్కలు ఒక పక్క, ముద్ద ఒక పక్క మిగులుతాయి.

గింజను బట్టి పని

శనగలు డబ్బాలో బాగా నిలబడే గింజ. అన్నిటికంటే ముందు వీటినే కొనొచ్చు. గుగ్గిళ్లు చేయాలంటే, తెలంగాణలో గుడాలు అంటాం, కడిగిన శనగలను పాత నూలు బట్ట మీద పరిచి పది నిమిషాలు ఆరనివ్వాలి. తడితో తాలింపులో వేస్తే నూనె చిటపటలాడటం ఒక్కటే కాదు, శనగ వేగకుండా ఆవిరికి ఉడికి, కొబ్బరి తురుము ముద్దగా అంటుకుంటుంది. ఒక డబ్బాకు రెండు టీస్పూన్ల నూనె, అర టీస్పూను ఆవాలు, ఒక టీస్పూను మినప్పప్పు, రెండు ఎండుమిర్చి, ఒక పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ సరిపోతాయి. శనగలు వేశాక మంట కాస్త పెంచి మూడు, నాలుగు నిమిషాలు కదుపుతూ వేయించండి. తొక్క మీద అక్కడక్కడ గోధుమరంగు మచ్చ పడ్డాక రెండు చెంచాల కొబ్బరి వేసి దించి, నిమ్మరసం పిండండి. ఉప్పు దించాకే, రుచి చూశాకే. మామూలు డబ్బా అయితే చాలాసార్లు అసలు అక్కర్లేదు.

ఛోలే లాంటి గ్రేవీకి రెండు డబ్బాలు, రెండు పెద్ద ఉల్లిపాయలు, మూడు టమాటాలు తీసుకోండి. మసాలా నూనె వదిలాక శనగలు వేసి, నీళ్లు లేకుండానే రెండు నిమిషాలు వేయించండి. మసాలా గింజకు పట్టేది ఇక్కడే. తర్వాత కప్పున్నర వేడినీళ్లు పోసి, మూతపెట్టి, సన్నని మంట మీద ఇరవై నిమిషాలు ఉంచండి. మధ్యలో ఒక గరిటెడు శనగలు తీసి చిదిమి మళ్లీ వేస్తే గ్రేవీ చిక్కబడి గింజను పట్టుకుంటుంది. ఆపాక పావుగంట కదపకుండా వదిలేస్తే ఇంకా బాగుంటుంది. రాత్రి వండి మర్నాడు తింటే మరీ బాగుంటుంది, గింజ లోపలికి ఉప్పూకారం దిగేది చల్లారేటప్పుడే.

హమ్మస్ నున్నగా రావాలంటే కడిగిన శనగలు మునిగేలా నీళ్లు పోసి, డబ్బాకు పావు టీస్పూను వంటసోడా వేసి పదిహేను, ఇరవై నిమిషాలు ఉడికించాలి. తొక్కలు విడిపోయి పైకి తేలతాయి, చిల్లుల గరిటెతో తీసేయండి. సోడా అంతకంటే ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. ఉడికాక ఆ నీళ్లు పారబోసి ఒకసారి కడగడం మరవద్దు.

వేయించిన శనగలు అంటే ఓవెన్‌లో 400 డిగ్రీల ఫారెన్‌హీట్, ముప్పై నుంచి ముప్పై అయిదు నిమిషాలు. ఇక్కడ పని చెడగొట్టేది తడి. గింజలను బట్టలో దొర్లించి, ఊడిన తొక్కలు ఏరేసి, అరగంట ఆరబెట్టి, ఒకదాని మీద ఒకటి పడకుండా పరచాలి. కారం, ఉప్పు బయటికి తీశాకే చల్లాలి, ముందే చల్లితే కారం మాడి చేదెక్కుతుంది. డబ్బా శనగలను మరిగే నూనెలో వేయడం ప్రమాదం. తొక్క కింద చిక్కిన నీరు ఒక్కసారిగా ఆవిరై గింజ పేలుతుంది, నూనె ముఖం మీదికి చిందుతుంది.

రాజ్మాలో ముదురు ఎరుపు, లేత ఎరుపు అని రెండు రకాలు దొరుకుతాయి. ముదురు ఎరుపుకు తొక్క మందం, ఆకారం చెడదు, చూడ్డానికి బాగుంటుంది. అన్నంలో కలుపుకునే రాజ్మాకు లేత ఎరుపే మేలు, తేలిగ్గా నలిగి గ్రేవీకి చిక్కదనం ఇస్తుంది. ఒక డబ్బాలో నాలుగో వంతు చిదిమి వేయండి. డబ్బా రాజ్మాకు ఇంకో పెద్ద సుగుణం ఉంది. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లూటినిన్ అనే లెక్టిన్, అంటే ఒంటికి పడని ఒక ప్రొటీన్, ఉంటుంది. సరిగా ఉడకని రాజ్మా తింటే కొద్ది గంటల్లోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే స్లో కుక్కర్‌లో పచ్చి రాజ్మా వేసి వదిలేయడం ఇందుకే చాలా ప్రమాదం, ఆ వేడి లెక్టిన్‌ను పాడుచేయడానికి చాలదు. అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లించాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. డబ్బా రాజ్మాకు ఆ భయం లేదు, స్లో కుక్కర్‌లో నిశ్చింతగా వేయొచ్చు. ఉద్యోగానికి వెళ్తూ స్లో కుక్కర్ పెట్టి వెళ్లే ఇళ్లలో ఈ ఒక్క కారణానికే డబ్బా రాజ్మా దగ్గర ఉంచుకోవాలి.

నల్ల బీన్స్‌ను పేరు చూసి మినుములనుకుని దాల్ మఖనీకి తెచ్చుకునేవాళ్లున్నారు. రెండూ ఒకటి కావు. నల్ల బీన్స్ రాజ్మా జాతివే, మినుము పెసర కుటుంబం. మినుముకుండే జిగురు నల్ల బీన్స్‌కు రాదు, ఎంత వెన్న వేసినా ఆ కూర దాల్ మఖనీ కాదు. జీలకర్ర, వెల్లుల్లి తాలింపుతో, నిమ్మరసంతో తింటే మాత్రం ఇవి చాలా బాగుంటాయి. కడిగినప్పుడు నీళ్లు ఊదారంగులో వస్తాయి, అది తొక్క రంగు. అది పూర్తిగా పోయేదాకా కడగాలనుకోవద్దు.

పచ్చి కందుల డబ్బా విషయంలో ఆశ కాస్త తగ్గించుకోండి. మూత తీస్తే ఆకుపచ్చ కనిపించదు, బూడిద కలిసిన ఆలివ్ రంగు కనిపిస్తుంది. అంత వేడికి ఆకుపచ్చదనం నిలవదు, పాడైపోయిందని పారేయకండి. ప్యూర్టోరికోవాళ్లు వీటిని అన్నంతో కలిపి వండుకునే వంట మన కందికాయ గింజల పులావుకు దగ్గరి చుట్టం. పులావుకు, వంకాయ కూరలోకి పనికొస్తాయి. సంక్రాంతి రోజుల్లో ఒలుచుకున్న పచ్చి కందికాయ రుచి కావాలంటే భారతీయ దుకాణాల ఫ్రీజర్‌లో ‘తువర్ లిల్వా’ పేరుతో ఉండే సంచీ కొనండి, అది చాలా దగ్గరగా ఉంటుంది.

నీళ్లు పారబోయాలా

శనగల డబ్బా నీళ్లను అక్వాఫాబా అంటారు. 2014, 2015 సంవత్సరాల్లో వెలుగులోకి వచ్చిన సంగతి ఇది. గిలక్కొడితే గుడ్డు తెల్లసొనలా నురగ కడుతుంది, మూడు టేబుల్‌స్పూన్లు ఒక గుడ్డుకు బదులు. గుడ్డు తినని ఇళ్లలో కేకుకు నిజంగా పనికొస్తుంది. షరతు ఒక్కటే, నో సాల్ట్ యాడెడ్ డబ్బాదై ఉండాలి. ఉప్పునీళ్లతో చేసిన తీపి వంటకం నాలుక మీద దాచినా దాగదు. కూరలో అరకప్పు పోసి చిక్కబెట్టుకోవాలన్నా ఉప్పు లేనిదే వాడండి. రాజ్మా నీళ్లు మాత్రం పారబోయడమే మంచిది, రంగూ వాసనా రెండూ కూరను లాగేస్తాయి.

డబ్బా ఉబ్బి ఉన్నా, కారుతున్నా, తెరవగానే లోపలి నీళ్లు బయటికి చిమ్మినా, రుచి కూడా చూడకుండా పారేయండి. చిన్న సొట్ట ఫర్వాలేదు. వేలు దిగేంత లోతు సొట్ట, లేదా మూత అంచు మీద, అతుకు మీద పడ్డ సొట్ట ఉంటే కొనొద్దు, ధర తగ్గించి పెట్టిన బుట్టలో ఉన్నా సరే. మిగిలిన గింజలను డబ్బాలోనే ఫ్రిజ్‌లో పెడితే ఇనుప రుచి పడుతుంది. గాజు గిన్నెలోకి తీసి మూడు, నాలుగు రోజుల్లో వాడేయండి. ఫ్రీజర్‌లో పెట్టాలంటే ఆరబెట్టి పళ్లెంలో పలచగా పరిచి, గడ్డకట్టాక సంచీలోకి ఎత్తుకోండి. అప్పుడు గుప్పెడు కావాలంటే గుప్పెడే విడిగా వస్తుంది.

అలసందలు చివరికి ఉంచడానికి కారణముంది. ఈ ఐదింట్లో డబ్బాలో కొనొద్దని చెప్పేది వీటినే. తొక్క పలచన, డబ్బా వేడికే సగం చితికి ఉంటాయి, కడిగేటప్పుడు మిగతా సగం చితుకుతాయి. పులుసులోకి తప్పదనుకుంటే పులుసు అంతా మరిగాక చివరి అయిదు నిమిషాల్లో వేసి, గరిటెతో కాక గిన్నెనే పట్టుకుని కదపండి. అలసంద వడలకైతే అసలు తేవద్దు. వడ నూనెలో విడిపోకుండా పట్టి ఉంచేది పచ్చి పిండి, అది నూనె వేడికి ఉడికి గట్టిపడుతుంది. డబ్బా గింజలో ఆ పిండి ఎప్పుడో ఉడికిపోయింది, పైగా నీళ్లు నిండా ఉన్నాయి. ఎంత బియ్యప్పిండి కలిపినా వడ మూకుట్లో విచ్చుకుని నూనె నిండా పలుకులవుతుంది. డబ్బా శనగలతో ఫలాఫెల్ (అరబ్బుల శనగ వడ), మసాలా వడ వేయబోతే జరిగేదీ ఇదే. వడలకు పొడి అలసందలు నాలుగైదు గంటలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా వార్చి, చుక్క నీరు పోయకుండా బరకగా రుబ్బండి.